ఆపరేషన్ నీటిబుడగ

పెద్దదోర్నాల జంక్షన్‌లో ఆ ఉదయం శ్రీశైలం బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. యాత్రికులు హోటళ్ళ ముందు ఇడ్లీ ప్లేట్ల కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. మూలబల్ల దగ్గర కూర్చున్న కిషోర్ మాత్రం ఏమీ తినడం లేదు. ఒళ్ళో స్టీలు ఫ్లాస్కు పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, రోడ్డు వైపే చూస్తున్నాడు. అతను హైడ్రాలజిస్ట్. నీళ్ళను పరీక్షించడం అతని వృత్తి.

సర్వర్ వచ్చి టీ గ్లాసు పెట్టాడు.

"నేను చెప్పలేదే?"

"ఆ సారు చెప్పినాడు."

కిషోర్ తల తిప్పాడు. అక్కడ ఏ సారూ లేడు. అదే క్షణంలో వెనక నుంచి ఎవరిదో భుజం తగిలింది. "సారీ బ్రదర్" అన్న మాట వినిపించింది. మెడ మీద చీమ కుట్టినట్టయింది. కిషోర్ తడుముకున్నాడు. ఎదురుగా ఉన్న బస్సు రెండు బస్సులైంది. ఆ రెండూ మసకబారాయి. తల మెల్లగా బల్ల మీద వాలిపోయింది.

గుండెపోటు అనుకున్నారు జనం. పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ అలా అనుకోలేదు. మెడ మీద సూది గుర్తు ఉంది.

హంతకుడు పర్సు ముట్టలేదు. ఫోన్ ముట్టలేదు. మెడలో గొలుసు కూడా ముట్టలేదు. ఫ్లాస్కు ఒక్కటే ఎత్తుకుపోయాడు.

అందులో ఉన్నది నీళ్ళు.

* * *

"నీళ్ళ కోసం మనిషిని చంపారా సార్?"

హైదరాబాదులో బోర్డు లేని ఒక భవనం. కిటికీ లేని గది. ఏజెంట్ ఎడ్విన్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. రెండేళ్ళు డెస్క్ డ్యూటీ చేసిన మనిషికి ఫీల్డ్ అసైన్‌మెంట్ అంటే కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

"ఏనుగుబండ రిజర్వాయర్ అడుగు నుంచి తీసిన నీళ్ళు," అన్నాడు చీఫ్. స్క్రీన్ మీద ఫొటో మారింది. నల్లమల కొండల మధ్య కొత్త డ్యామ్, పక్కనే జలవిద్యుత్ కేంద్రం. "దోర్నాల దాటాక వస్తుంది. పొగ లేని కరెంటు. ఈ కిషోర్ మాత్రం రిజర్వాయర్ నుంచి మీథేన్ గ్యాస్ వస్తోందని ప్రచారం మొదలెట్టాడు. మన డ్యాములకు చెడ్డపేరు తేవడానికి ఒక ఫారిన్ రింగ్ పనిచేస్తోంది. కోడ్‌నేమ్ హెరాన్. కిషోర్ వాళ్ళ మనిషే అని నా అనుమానం. లోపల్లోపల గొడవపడి చంపుకున్నారు."

ఫొటో మళ్ళీ మారింది. నల్ల కళ్ళద్దాలు, పొట్టి జుట్టు, కారు దిగుతున్న ఒక అందగత్తె.

"వైష్ణవి. కాలుష్యం లేదని సర్టిఫికెట్లు అమ్మే బ్లూ ఫెదర్ అనే కార్బన్ కంపెనీకి ఇండియా హెడ్. ఆమె పక్కన పొడుగ్గా ఉన్నవాడు ఆమె బాస్, మారెక్ వోస్. ఈ ఇద్దరిలో హెరాన్ మనిషి ఎవరో తేల్చు. శనివారం ఆ కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఇంటర్నేషనల్ ఆడిటర్ వస్తోంది. వాల్వ్ హౌస్‌లో ఓపెనింగ్ సెరిమనీ. అది పాడు కాకూడదు."

"నన్నే ఎందుకు సార్?"

"నీది రాచర్ల. ఆ యాస ట్రైనింగ్‌లో రాదు."

"అదే సార్ ఇబ్బంది. అక్కడివాళ్ళు నా యాసనే కాదు, నన్ను కూడా గుర్తుపడతారు."

"మీసం పెట్టుకో."

బ్రీఫింగ్ అయిపోయింది.

ల్యాబ్‌వాళ్ళు అతనికి ఒక టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. పై గిన్నెలో నిజమైన చిత్రాన్నం. కింది గిన్నెలో మీథేన్ సెన్సర్. గ్యాస్ తగిలితే చేతిలో హ్యాండిల్ వణుకుతుంది. జేబులో బీడీకట్ట ఇచ్చారు. అది ట్రాన్స్‌మిటర్. పొరపాటున వెలిగించవద్దని ఇద్దరు వేరువేరుగా చెప్పారు.

* * *

మార్కాపురంలో పలకల దుకాణం. లోపల మిషను మీద రాయి కోస్తున్న చప్పుడు, గాలి నిండా బూడిదరంగు దుమ్ము. ఎడ్విన్ ఇప్పుడు చేపల వ్యాపారి యల్లయ్య. గళ్ళ లుంగీ, దట్టమైన మీసం, బయట ఐస్ పెట్టెలున్న వ్యాను. లోకల్ కాంటాక్ట్ ఎవరో అతనికి చెప్పలేదు. పైవాళ్ళు పంపిన కోడ్ వర్డ్ మాత్రం చెప్పారు.

"పగలని పలక ఉందా?" అన్నాడు కౌంటరు వైపు.

"పగలనిది పలకే కాదు," అంది ఒక ఆడగొంతు.

జవాబు సరైనదే. కానీ గుట్టగా పేర్చిన పలకల వెనక నుంచి బయటికొచ్చిన మనిషిని చూడగానే ఎడ్విన్ చెయ్యి లుంగీ మడతలోని పిస్టల్ మీదికి పోయింది. నల్ల కళ్ళద్దాలు. పొట్టి జుట్టు.

"అది తీయకండి," అంది వైష్ణవి. "ఇది మా పెదనాన్న దుకాణం. పలకలు పగిలితే నన్ను తిడతాడు."

"కోడ్ నీకెట్ల తెలిసింది?"

"పంపినవాళ్ళు చెప్తే తెలిసింది. బ్లూ ఫెదర్‌లో నన్ను పెట్టింది మీ డిపార్ట్‌మెంటే. కిషోర్ కూడా మనవాడే. ఆ ఫ్లాస్కు మీ ల్యాబ్‌కే రావాల్సింది. నేనే దోర్నాలలో దిగి బస్సు మారమన్నాను." ఆమె కళ్ళద్దాలు తీసింది. రాత్రులు నిద్ర లేని కళ్ళు. "అక్కడ దిగమన్నది నేనే."

మిషను ఆగేదాకా ఆమె ఆగింది, తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"డ్యామ్ కట్టేటప్పుడు అడవి కొట్టలేదు. అట్లనే ముంచేసినారు. ఆ ఆకూ కొమ్మా అంతా అడుగున గాలి తగలకుండా కుళ్ళుతోంది. దాన్నుంచి మీథేన్. భూమిని వేడెక్కించడంలో బొగ్గు పొగకు పెద్దన్న. లోతున నీళ్ళ బరువు కింద అణిగి ఉంటుంది. ఆ నీళ్ళు టన్నెల్లోకో టర్బైన్లోకో రాగానే గోలీసోడా కొట్టినట్టు బుస్సున బయటికొస్తుంది."

"అయితే కిషోర్ చెప్పింది నిజమా?"

"అక్షరాలా. రిజర్వాయర్లో తేలే సెన్సర్లు వోస్ మార్పించినాడు. అవి ఎప్పుడూ సున్నా చూపిస్తాయి. ఆ సున్నాను సర్టిఫికెట్ చేసి బయటి దేశాల ఫ్యాక్టరీలకు అమ్ముతాడు. ఇక్కడ పొగ లేదు కాబట్టి అక్కడ మీరు వదులుకోవచ్చని. శనివారం వచ్చే ఆడిటర్ మాత్రం తను కొలవందే సంతకం పెట్టనంటోంది. హెరాన్ మన డ్యాముకు చెడ్డపేరు తేవడానికి రాలేదు ఎడ్విన్ గారూ. మంచిపేరు అమ్ముకోవడానికి వచ్చింది."

అతని అసలు పేరు ఆమె నోటి నుంచి రావడం అతనికి నచ్చలేదు. వ్యాను ఎక్కాక బీడీకట్టలో చీఫ్‌ను పిలిచాడు.

"వైష్ణవి మన మనిషా సార్?"

చాలాసేపు గరగర. "నా లిస్టులో లేదు. పైవాళ్ళ లిస్టులో ఉందేమో కనుక్కోవాలి. అప్పటిదాకా నమ్మకు."

"మరి?"

"నమ్మనట్టు కనపడకు."

* * *

ఏనుగుబండ దగ్గర ఎండ బండల్ని కాలుస్తోంది. శనివారం ఫంక్షన్ భోజనాలకు చేపలు సప్లై చేసే మనిషిగా ఎడ్విన్ సెక్యూరిటీ గేటు దాటాడు. గుండ్రటి పుట్టి నడిపేవాణ్ణి మాట్లాడుకుని, బేరం చూసుకునే నెపంతో నీళ్ళ మీదికి పోయాడు. మునిగిన చెట్ల కొసలు అక్కడక్కడా వేళ్ళలా పైకి పొడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య బుడగలు. ఒకచోట ఆగితే ఇంకోచోట, అడుగున ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు. టిఫిన్ క్యారియర్ హ్యాండిల్ అతని చేతిలో సన్నగా వణికింది. ఇంకాస్త లోపలికి పోతే మరింత వణికింది. ఎర్రరంగు సెన్సర్ డబ్బా పక్కనుంచి పోయారు. దాని చిన్న స్క్రీన్ మీద సున్నా.

చెప్పింది నిజమే. నిజం చెప్పినంత మాత్రాన మనిషి మనవాడని కాదు. అబద్ధాన్ని నిజంలో చుట్టి ఇవ్వడం ఈ వృత్తిలో మొదటి పాఠం. ఒడ్డుకు వచ్చాక కూడా అతని మనసు నిలకడగా లేదు. వాల్వ్ హౌస్ ముందు నీడలో నిలబడ్డాడు.

"మంచినీళ్ళు తాగుతావా నాయనా?"

ఆ గొంతు వినగానే అతను తల వంచుకున్నాడు.

సుశీలమ్మ. తల్లి పోయాక అతన్ని పెంచిన చిన్నమ్మ. రాచర్లలో వానలు లేక, మేస్త్రీ వెంట ఇక్కడికి కూలికి వచ్చినట్టుంది. చంకలో బిందె, చేతిలో గ్లాసు. కొడుకులాంటివాడు ఢిల్లీలో గుమాస్తా పని చేస్తున్నాడని ఆమె చర్చిలో అందరికీ చెప్పుకుంటుంది.

ఎడ్విన్ తల వంచుకునే గ్లాసు అందుకున్నాడు.

"ఏ ఊరు నాయనా మీది?"

"కంభం."

"అచ్చం మా ఎడ్విను మాదిరి నిలబడినావు. వాడూ ఇట్లనే ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో పిక్క గోక్కుంటాడు."

కాలు చప్పున కిందికి దిగింది. "నాకు ఏ ఎడ్వినూ తెలీదమ్మా."

"రాచర్లలో మీకు చుట్టాలు లేరా?"

"లేరు."

"మా వాణ్ణి ఎప్పుడూ చూళ్ళేదా? ఢిల్లీలో ఉంటాడు."

"చూళ్ళేదంటి గదా!"

మూడు సార్లు. కోడి కూసేలోగా యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కథ, సండే స్కూల్లో ఆమే చెప్పింది, గుర్తొచ్చి అతను మిగిలిన నీళ్ళు గబగబా తాగేశాడు. కోడి కూయలేదు గానీ, దూరంగా ఎక్స్‌కవేటర్ హారన్ కొట్టింది.

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుంది.

"సరేలే. ఎవరు కన్నబిడ్డవో. ఎండలో తిరగమాక," అని బిందె సర్దుకుని వెళ్ళిపోయింది.

* * *

శనివారం. కొండ పాదంలో, సగం భూమిలోకి తొలిచి కట్టిన వాల్వ్ హౌస్. రిజర్వాయర్ అడుగు నుంచి నీళ్ళు తెచ్చే టన్నెల్ ఇక్కడికి వచ్చి తేలుతుంది. బంతిపూల తోరణాలు, కుర్చీలు, మైకు. వేదిక వెనక గోడకు పెద్ద డిజిటల్ బోర్డు పెట్టారు. 'మీథేన్: 0' అని పచ్చగా వెలుగుతోంది. మధ్యలో నిలువెత్తు ఇత్తడి దీపపు కుందె.

ఎడ్విన్ ఐస్ పెట్టెలు దించుతూ నాలుగు వైపులా చూస్తున్నాడు. పొద్దుటి నుంచి వైష్ణవి ఫోన్ ఎత్తడం లేదు.

మొదట కంటబడింది వెల్డింగ్ సిలిండర్ల వరస. ఇక్కడ వెల్డింగ్ పని ఎప్పుడో అయిపోయింది. అతిథులు కూర్చునే హాల్లో మూలకు కొత్తగా తెచ్చి ఎందుకు పెట్టారు?

బయటికి వచ్చి కొండ మీదికి చూశాడు. టన్నెల్లో గాలి బయటికి పోవడానికి పెట్టిన పైపు మూతికి ఇనప రేకు బిగించి ఉంది. బోల్టులు తళతళా మెరుస్తున్నాయి.

"ఆ పైపు మూసినారేంది?" అన్నాడు నీళ్ళ పైపు చుడుతున్న కూలీతో.

"తెల్లసారు మూయమన్నాడు. టన్నెల్లో నీళ్ళు గూడ తీసేపిచ్చినాడు. క్లీనింగ్ అంట. ఇప్పుడు స్విచ్ నొక్కితే గేటు లేసి నీళ్ళు మళ్ళా వస్తాయి. ఫారిన్ మేడమ్ చూడాలంట."

ఎడ్విన్‌కు ఒక్కసారిగా అంతా కళ్ళకు కట్టింది.

ఖాళీ టన్నెల్. అందులో గోడల వెంట ఊరే అడుగు నీళ్ళు. ఆ నీళ్ళు వదిలిన మీథేన్ బయటికి పోయే దారి లేక రోజుల తరబడి పేరుకుని ఉంది. గేటు లేవగానే దూసుకొచ్చే నీళ్ళు పిస్టన్‌లాగా ఆ గ్యాస్‌నంతా ముందుకు తోస్తాయి. ముందుకు అంటే, ఈ హాల్లోకే. హాల్లో జనం, మధ్యలో వెలుగుతున్న దీపం. అబద్ధానికి సంతకం పెట్టని ఆడిటర్ ఒక్క దెబ్బతో పోతుంది. నేరం వెల్డింగ్ సిలిండర్ మీదికి పోతుంది. లేదని సర్టిఫికెట్ రాయించుకున్న గ్యాస్‌తోనే మనుషుల్ని చంపబోతున్నారు!

బీడీకట్ట నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సార్, హాలు పేలబోతోంది. ఫంక్షన్ ఆపాలి."

"టీమ్ మార్కాపురంలో బయల్దేరింది. కవర్ పోగొట్టుకోకు."

"వాళ్ళొచ్చేసరికి మిగిలేది కవరొక్కటే సార్."

లోపల మైకులో చప్పట్లు. నెరిసిన జుట్టు ఆడిటర్ మేడమ్ కొవ్వొత్తితో వత్తులు వెలిగిస్తోంది. ఎడ్విన్ తలుపు వైపు పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే మారెక్ వోస్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అందరికీ క్షమాపణగా చెయ్యి ఊపుతూ బయటికొస్తున్నాడు. అతని పక్కన వైష్ణవి, చేతిలో కారు తాళం.

ఆమె చూపు ఎడ్విన్ మీద పడింది. గార్డుల వైపు తిరిగింది.

"ఈ చేపలాయన ఎవరు? ఇన్విటేషన్ ఉందా? బయటికి పంపండి."

నలుగురు మీద పడ్డారు. చేతిలోని టిఫిన్ క్యారియర్ గుమ్మం లోపలికి దొర్లిపోయింది. ఎడ్విన్ బుగ్గ గచ్చుకు ఒత్తుకుపోయింది. కారు తలుపులు వేసిన చప్పుడు, ఇంజిన్ చప్పుడు వినిపించాయి. అంటే ఆమె వాళ్ళ మనిషే. ఆ కోపం కంటే, నమ్మడం మొదలుపెట్టిన తన మీద కోపం ఎక్కువైంది.

లోపల చీఫ్ ఇంజినీర్ స్విచ్ నొక్కాడు. కొండ కడుపులో ఎక్కడో ఉరుము. టన్నెల్ మూతికున్న ఇనప జాలీలోంచి చల్లటి గాలి వచ్చింది. ముందు వరసలో పట్టుచీరల కొంగులు ఎగిరాయి.

"భలే! ఏసీ గూడ పెట్టినారే!" అన్నారెవరో. నవ్వులు.

గాలి వెంట కుళ్ళిన ఆకుల వాసన. గచ్చు మీద టిఫిన్ క్యారియర్ వణకడం మొదలెట్టింది. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటూ తనంతట తానే జరుగుతోంది. దీపపు వత్తుల మీద పసుపు మంట సాగింది. దాని అంచున లేత నీలం రంగు తొడుగు కనపడింది.

కుందె పక్కనే, అతిథులకు నీళ్ళందించడానికి బిందెతో నిలబడి ఉంది సుశీలమ్మ.

ఎడ్విన్ ఒక చెయ్యి విడిపించుకుని మీసం పీకి పారేశాడు.

"చిన్నమ్మా! నేనే, ఎడ్విన్ని! దీపం ఆర్పెయ్! బిందె కుమ్మరించు!"

హాలంతా తల తిప్పింది. గార్డు అతని నోరు మూశాడు. ఫారిన్ మేడమ్ వెలిగించిన దీపం, ముందు వరస నిండా పెద్దమనుషులు, రేపటి కూలి ఇచ్చే మేస్త్రీ అక్కడే ఉన్నాడు. సుశీలమ్మ వీటిలో దేన్నీ చూడలేదు. ఎందుకని అడగలేదు. బిందె రెండు చేతులతో ఎత్తి కుందె మీద నిలువునా కుమ్మరించింది. వత్తులు చుయ్యిమన్నాయి. ఆడిటర్ మేడమ్ తలనుంచి పాదాల దాకా తడిసిపోయింది.

మేడమ్ వేళ్ళ మధ్య కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది.

మంట నీలంగా సాగుతోంది. సుశీలమ్మ బిందె వదిలేసి ఆ కొవ్వొత్తిని ఒంటిచేత్తో పట్టుకుని పిడికిట్లో నలిపేసింది.

ఏదీ పేలలేదు. శబ్దం రాలేదు. హాల్లోకి గాలి మాత్రం వస్తూనే ఉంది.

"ఎవరూ స్విచ్ ముట్టొద్దు! ఫోన్ తీయొద్దు! గ్యాస్ ఉంది, మెల్లగా బయటికి నడవండి!" నోరు విడిపించుకున్న ఎడ్విన్ అరిచాడు. గార్డులు టిఫిన్ క్యారియర్ చిందులు చూశారు, వాసన చూశారు. అతన్ని వదిలేసి వాళ్ళే ముందు తలుపులు బార్లా తెరిచారు.

చివరగా బయటికొచ్చిన ఆడిటర్, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ తన సంచిలోంచి సొంత మీటర్ తీసింది. గుమ్మానికి దూరంగానే నిలబడి చూసింది. ముల్లు కొసకు పోయి కొట్టుకుంటోంది. లోపల గోడ మీద పచ్చటి సున్నా వెలుగుతూనే ఉంది. రెంటినీ మార్చి మార్చి చూసి, చీఫ్ ఇంజినీర్‌ను ఇంగ్లీషులో ఒకే ప్రశ్న అడిగింది.

"ఇందులో ఏది మీది?"

* * *

ఎడ్విన్ చేపల వ్యాను దోర్నాల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. వెనక ఐస్ పెట్టెలు దొర్లుతున్నాయి. దొరికితే వైష్ణవిని ఏం చేయాలో అతను ఇంకా తేల్చుకోలేదు.

ఫారెస్ట్ చెక్‌పోస్ట్ దగ్గర అడ్డకర్ర దించి ఉంది. నల్ల కారు డిక్కీ తెరిచి ఉంది. గార్డులు సామాను మొత్తం రోడ్డు మీద పరిచారు. వోస్ ఎర్రబడ్డ మొహంతో ఎంబసీ, ఎంబసీ అని అరుస్తున్నాడు. వైష్ణవి చేతులు కట్టుకుని బారికేడ్‌కు ఆనుకుని ఉంది.

"ఏం జరిగింది?" అన్నాడు ఎడ్విన్ పిస్టల్ దించకుండానే.

"డిక్కీలో దుప్పి మాంసం ఉందని ఎవరో వీళ్ళకు ఫోన్ చేసినారంట," అంది ఆమె. "దుప్పి దొరకలేదు. ఫ్లాస్కు దొరికింది. సూది ఉన్న పెన్ను కూడా."

ఫ్లాస్కు మూత మీద కిషోర్ వేసిన సీలు చెక్కుచెదరకుండా ఉంది. సర్టిఫికెట్లు కొన్నవాళ్ళు రేపు ఎదురు తిరిగితే బెదిరించడానికి పనికొస్తుందని వోస్ పారబోయకుండా దాచుకున్నాడు.

"నన్ను గార్డులకు ఎందుకు పట్టించావు?"

"మిమ్మల్ని అతను చూసేశాడు. చెయ్యి జేబులోకి పోయింది, ఆ పెన్ను కోసం. గార్డులు బయటికి లాగేస్తే బతుకుతారనుకున్నా. పేలుడు సంగతి నాకు తెలీదు." ఆమె ఏనుగుబండ రోడ్డు వైపు చూసింది. "కారు కదిలినాక అతను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఏదో వినపడాలన్నట్టు. అప్పుడు అర్థమైంది. వెనక్కి పోదామంటే టైము లేదు. మలుపు మలుపుకీ చెవులు రిక్కించి నడిపినాను. ఏమీ వినపడలేదు. జీవితంలో అంత మంచి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు."

ఎడ్విన్ పిస్టల్ లోపల పెట్టుకున్నాడు.

* * *

సాయంత్రం ఏనుగుబండ ఒడ్డున సుశీలమ్మ అరచేతికి మందు రాయించుకుని కూర్చుంది. ఎడ్విన్ పక్కన కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే ఆమే అంది:

"నువ్వేనని ఆ పొద్దే తెలుసులే. ఏదో కష్టంలో ఉండి కాదంటున్నాడనుకున్నా. ఇంతకీ ఢిల్లీలో నీ పనేంది నాయనా?"

"గుమాస్తా పని చిన్నమ్మా."

"ఊఁ. గుమాస్తాలకు లుంగీ మడతలో పిస్టల్ గూడ ఇస్తారా?"

జేబులో బీడీకట్ట గరగరలాడి అతన్ని కాపాడింది. చీఫ్ గొంతులో ఉత్సాహం.

"గుడ్ వర్క్ ఎడ్విన్. వైష్ణవి పైవాళ్ళ లిస్టులో ఉందట. వోస్ కస్టడీలో ఉన్నాడు. సెన్సర్లు మార్చినవాళ్ళు, పైపు మూసినవాళ్ళు, అందరూ దొరికారు. ఫైల్ క్లోజ్ చేస్తున్నా. ఇంకెవరైనా మిగిలారా?"

ఎడ్విన్ రిజర్వాయర్ వైపు చూశాడు. మునిగిన చెట్ల మధ్య ఒక బుడగ లేచి పగిలింది. కాస్త అవతల ఇంకొకటి.

"అసలువాడు పరారీలోనే ఉన్నాడు సార్. నా కళ్ళ ముందే నీళ్ళలోంచి పైకొచ్చి గాల్లో కలిసిపోతున్నాడు. ఏ సెక్షన్ కింద పట్టుకోమంటారు?"